విన్న నంబరు, చెప్పిన సామాన్లు మర్చిపోకుండా ఉండాలంటే

ఎవరో ఫోన్ నంబరు చెబుతుంటే పక్కనుంచి ఇంకెవరో "కాఫీ తాగుతావా?" అంటారు, అంతే, నంబరు కాస్తా ఎగిరిపోతుంది. దానికే మతిమరుపు వచ్చేసిందని టెన్షన్ పడకండి, విన్నదాన్ని కాసేపు పట్టి ఉంచే తాత్కాలిక జ్ఞాపకం అందరి బుర్రలోనూ అంతే. 1959లో అమెరికాలో పీటర్సన్ దంపతులు ఒక ప్రయోగం చేశారు. మూడంటే మూడు అక్షరాలు చెప్పి, వెంటనే ఒక పెద్ద అంకె నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లు గడిచేసరికి చాలాసార్లు ఆ మూడక్షరాలు కూడా జనానికి గుర్తుకు రాలేదు.

కాబట్టి మొదటి పని, నంబరు విన్నాక రాసుకునేదాకా ఎవరికీ జవాబివ్వకండి. చెయ్యి చూపించి ఆగమనండి, ఏమీ అనుకోరు. ఈలోగా లోపల్లోపల అనుకుంటూనే ఉండండి. మన లోపలి గొంతు దాదాపు రెండు సెకన్లలో పలకగలిగినంతే పట్టి ఉంచుతుందని బ్రిటిష్ మనస్తత్వవేత్త అలాన్ బ్యాడ్లీ పరిశోధనల్లో తేలింది, అందుకే "ఎనిమిది తొమ్మిది" కంటే "ఎయిట్ నైన్" మీ నోట త్వరగా తిరిగితే అలాగే అనుకోండి.

ఇక ఒకేసారి ఎన్ని పడతాయి? 1956లో అమెరికా మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ ఏడు, అటూ ఇటూగా రెండు అన్నాడు. 2001లో మరో మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ అసలు లెక్క నాలుగు దగ్గరే ఉంటుందన్నాడు. నాకైతే నాలుగే నమ్మకం, ఎందుకంటే మిగతాదంతా మనం గుంపులు కట్టడం వల్ల వచ్చేదే. ఆధార్ కార్డు మీద 12 అంకెల్నీ నాలుగేసి చొప్పున విడదీసి వేయడం చదవడానికీ చెప్పడానికీ వీలుగా ఉంటుంది. విశాఖవాళ్లకి పిన్‌కోడ్‌లో 530 ఎలాగూ నోటికొచ్చు, అది ఒక్కటే ముక్క, కొత్తగా పట్టుకోవాల్సింది చివరి మూడంకెలే.

కిరాణా కొట్టు దగ్గర ఇది ఇంకా బాగా పనికొస్తుంది. ఆవాలు, చింతపండు, మినపప్పు, ఇంగువ, జీలకర్ర, వేరుశనగ గుళ్లు, శనగపప్పు, ఎండుమిర్చి అని ఎలా తోస్తే అలా చెబితే సగం ఇంటికి రావు. అదే "పోపు సామాన్లు, పులిహోరకి కావాల్సినవి" అనుకోండి, ఎనిమిదీ రెండైపోయాయి. శబ్దం కలిసే మాటలు ఒకదాన్నొకటి తొక్కేస్తాయి, కందిపప్పు, పెసరపప్పు, మినపప్పు వరసగా అనుకుంటే ఏదో ఒకటి జారిపోతుంది. వాటిని పలకడం కంటే కళ్లముందు చూసుకోవడం మేలు, పోపుల డబ్బా మూత తీసి ఏ గిన్నె ఖాళీగా ఉందో ఊహించుకోండి. బొమ్మల్ని పట్టుకునే చోటు వేరు, మాటల్ని పట్టుకునే చోటు వేరు, అందుకే డబ్బాని తలుచుకుంటూ నోట్లో ఒక నంబరు తిప్పుకున్నా రెండూ అంతగా కొట్టుకోవు.

యాప్‌లలో ఆటలాడితే ఈ జ్ఞాపకం పెరుగుతుందంటే నేను నమ్మను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి మొదట్లో ఒకసారి విన్నాక 7 అంకెలే అప్పజెప్పేవాడు, ఏడాదిన్నరకు పైగా సాధన చేసి 79 అంకెల దాకా వరసగా అప్పజెప్పగలిగాడు, ఆ ఫలితం 1980లో అచ్చయింది. అతను పరుగుపందేల మనిషి, 3492 అని వింటే ఒక మైలు 3 నిమిషాల 49.2 సెకన్లలో పరిగెత్తినట్టు గుర్తుపెట్టుకునేవాడు. అదే మనిషికి అక్షరాలిస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు! అంటే పెరిగింది జ్ఞాపకం కాదు, తెలిసినవాటితో గుంపులు కట్టే నేర్పు. మన అష్టావధానుల ధారణ చూసినా నాకిదే అనిపిస్తుంది, పృచ్ఛకులు ఎంత గందరగోళపెట్టినా పద్యాన్ని పట్టి ఉంచేది ఏళ్లతరబడి ఒంటబట్టిన ఛందస్సూ, యతిప్రాసలూ.

పిల్లల దగ్గర ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి, వాళ్ల పట్టు మనకంటే చిన్నది. "బూట్లు విప్పి, బ్యాగ్ లోపల పెట్టి, కాళ్లు కడుక్కుని, నాన్నమ్మని పిలుచుకురా" అని ఒక్క గుక్కలో చెప్పి, బ్యాగ్ గుమ్మంలోనే ఉందని తిట్టకండి. రెండు చెప్పి, అవి అయ్యాక మిగతా రెండూ చెప్పండి.