మందలో గొర్రెలు దాదాపు ఒకేసారి ఎదకు రావాలంటే ఏం చేయాలి?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చాలా మందల్లో పొట్టేలు ఏడాది పొడవునా గొర్రెలతోనే తిరుగుతుంది. దాంతో ఈతలు చెదిరిపోయి, కొన్ని పిల్లలు సరిగ్గా తుఫాన్ల రోజుల్లో పుడతాయి. 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటిన తిత్లీని చూసినవాళ్లకు, అలాంటి వానలో అప్పుడే పుట్టిన పిల్లను బతికించడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఈతల కాలాన్ని పెద్దగా ఖర్చు లేకుండానే మార్చుకోవచ్చు.

కొన్నాళ్లు మగదానికి దూరంగా ఉన్న ఆడ గొర్రె మళ్లీ మగదాని వాసన తగలగానే ఎదకు సిద్ధమవుతుంది. జింకల్లో అరుపు ఒక్కటే చాలు. మగ ఎర్రజింకల గర్జనల రికార్డింగులు వినిపిస్తే ఆడవి ముందుగా ఎదకు వచ్చాయని 1987లో పరిశోధకురాలు కారెన్ మెకోంబ్ చూపించారు.

జూన్ మొదట్లో పొట్టేళ్లను మంద నుంచి తీసేయండి. మొత్తం పనిలో కీలకం ఇదే. దొడ్డి మార్చి పక్కన కట్టేస్తే లాభం లేదు. కనీసం నెలపాటు వాటి వాసన, అరుపు, రూపు ఏదీ గొర్రెలకు అందకూడదు. వేరే ఊళ్లో చుట్టాల దగ్గర ఉంచడం మేలు. మేతకు వెళ్లినప్పుడు చెరువు గట్టు మీద పక్క మంద పొట్టేలు కలిసిందా, నెల శ్రమా వృథా.

ఈలోగా నట్టల మందు తాగించండి. చివరి రెండు మూడు వారాలు రోజూ ఒక్కో గొర్రెకు 200 గ్రాముల నలగ్గొట్టిన మొక్కజొన్న పెట్టండి. బక్కచిక్కిన గొర్రె ఏ పొట్టేలుకూ స్పందించదు.

జూలై మొదటి వారంలో 25–30 గొర్రెలకు ఒక పొట్టేలు చొప్పున వదలండి. గొర్రెలు ఎన్నడూ చూడని కొత్త పొట్టేలైతే ఇంకా బాగా పనిచేస్తుంది. వేరే ఊరి కాపరితో మార్చుకుంటే దగ్గరి రక్తసంబంధంలో ఈతలు పడే బాధా తప్పుతుంది. కాకపోతే ముందు పశువుల డాక్టరుతో బ్రూసెల్లా (గర్భాలు పోగొట్టే అంటురోగం) పరీక్ష చేయించాలి.

పొట్టేలు కలిసిన నిమిషాల్లోనే గొర్రె ఒంట్లో హార్మోన్లు కదులుతాయి. రెండు మూడు రోజుల్లో అండం విడుదలవుతుంది, కానీ చాలావాటిలో అది మూగ ఎదే, అంటే పైకి ఎద లక్షణాలు కనిపించవు. మొదటి రెండు వారాల్లో ఏమీ కనిపించలేదని టెన్షన్ పడకండి. అసలు సందడి 18 నుంచి 25 రోజుల మధ్య మొదలవుతుంది. అప్పటికే మామూలుగా ఎదకు వస్తున్న గొర్రెలు మాత్రం వాటి లెక్కలోనే నడుస్తాయి.

జాజు (ఎర్రమన్ను) నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకు దట్టంగా పూయండి. దాటిన గొర్రె నడుం మీద ఎర్రటి మచ్చ పడుతుంది. మచ్చ పడిన తేదీ రాసుకుని 150 రోజులు కలపండి. ఎక్కువ ఈతలు డిసెంబరు చివర్లో, వరి కోతలయ్యాక పడతాయి.