ఆరంభశూరత్వం దగ్గరే ఆగిపోకుండా మంచి అలవాట్లు నిలబెట్టుకోవడం ఎలా?

జనవరి మొదటి వారంలో మన విశాఖ రామకృష్ణా బీచ్‌లో నడకకు వచ్చేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. కొత్త బూట్లు, కొత్త టోపీలు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారాలు. సంక్రాంతి అరిసెలు అయిపోయేసరికి ఆ గుంపు పలచబడుతుంది. ఉగాదికి పాతకాపులే మిగులుతారు. మనల్ని ఆరంభశూరులని ఊరికే అనలేదు. అయితే ఏళ్ల తరబడి వస్తున్న ఆ పాతకాపులతో మాట కలిపి చూడండి. వాళ్ల పట్టుదల మన పట్టుదల కంటే గొప్పదేమీ కాదని తెలిసిపోతుంది. నడకకు ఒక వేళ, ఒక చోటు, ఒక తోడు కుదుర్చుకున్నారు, అంతే. ఆరోగ్యమైనా, చదువైనా, డబ్బు పొదుపైనా ఈ మూడూ కుదిరితే సగం పని అయినట్టే. కుదుర్చుకునే పద్ధతి ఇదీ.

1. ముందు ఒక్కటే ఎంచుకోండి

పెందలాడే లేవడం, ధ్యానం, చక్కెర మానడం, ఇంగ్లిషు నేర్చుకోవడం, ఫోను తగ్గించడం అన్నీ ఒకే సోమవారం మొదలుపెడితే గురువారానికి ఏదీ మిగలదు. మీకు కావలసినవన్నీ కాగితం మీద రాసుకోండి. వాటిలో ఏది కుదిరితే మిగతావి కాస్త తేలికవుతాయో దానికి గుర్తు పెట్టండి. చాలామంది విషయంలో అది నిద్రే. కాగితాన్ని బీరువాలో దాచేయండి. మిగతా వాటి వంతు తర్వాత వస్తుంది.

2. రోజూ చేసే పనికి దాన్ని ముడివేయండి

‘రోజూ చదువుతాను’ అనుకోవడం గాలిలో దీపం పెట్టడమే. ‘రాత్రి భోజనం చేసి కంచం కడిగి పెట్టగానే హాల్లో కుర్చీలో కూర్చుని రెండు పేజీలు చదువుతాను’ అనుకుంటే ఆ పనికి వేళా చోటూ దొరికాయి. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990లలో ఈ విషయం మీదే పరిశోధనలు చేశారు. ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తానని ముందే నిశ్చయించుకున్నవాళ్లు, ఉత్త లక్ష్యం పెట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువగా పని పూర్తిచేస్తారని తేల్చారు.

మన ఊళ్లో వాతావరణానికి కూడా ఒక ముడి వేసి ఉంచుకోవాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వినగానే సగం మంది నడక ఆగిపోతుంది. ‘వాన పడితే అపార్ట్‌మెంటు మెట్లు మూడుసార్లు ఎక్కి దిగుతాను’ అని ఎండ కాస్తున్నప్పుడే అనుకుని పెట్టుకోండి. మే నెల ఉక్కపోతలో సాయంత్రం నడక ఇంకా నరకం కాబట్టి ఆ నెల మట్టుకు నడకను ఉదయానికి మార్చుకోండి.

3. నవ్వొచ్చేంత చిన్నగా మొదలుపెట్టండి

ఆషాఢ పౌర్ణమి సమయంలో జరిగే సింహాచలం గిరిప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు. ఏడాది పొడవునా వీధి చివరి కిరాణా కొట్టుకు కూడా బండి తీసేవాళ్లు ఆ ఒక్క రోజు అప్పన్న మీద భారం వేసి చెప్పులు లేకుండా కొండ చుట్టూ తిరిగి వస్తారు. మర్నాడు కాళ్లకు నూనె రాసుకుంటూ మంచం దిగరు. భక్తి విషయం నేను మాట్లాడటం లేదు, అది వాళ్లకూ స్వామికీ మధ్య ఉన్నది. నడక సంగతే చూస్తే, ఆ ఒక్క రోజు నడక ఎంత పెద్దదైనా అలవాటుగా మారదు. రోజూ పది నిమిషాలు నడిస్తే మారుతుంది.

ఆ పది నిమిషాలు కూడా ఎక్కువనిపిస్తే బూట్లు వేసుకుని గేటు దాకా వెళ్లి రావడమే మీ లక్ష్యమనుకోండి. గేటు దాకా వెళ్లినవాళ్లు సాధారణంగా అక్కడితో ఆగరు. ఆగినా ఆ రోజు లెక్కలోకి వచ్చినట్టే.

పదివేల అడుగులు నడిచి తీరాలన్న బెంగ పెట్టుకోకండి. ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరు నుంచి వచ్చింది, వైద్యులు చెప్పిన కొలత కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడిస్తే చాలు. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొంతసేపు వాహనాలను ఆపేస్తారు కాబట్టి ఆ అరగంటకు అంతకంటే మంచి చోటు ఈ ఊళ్లో లేదు. రోడ్డు నడుమే పిల్లలు షటిల్ ఆడుతుంటారు, చక్రాల బూట్లతో జారుతుంటారు. పక్కన రాగి జావ, మొలకెత్తిన గింజలు అమ్మే బండ్లు ఉంటాయి. నడక అయ్యాక గ్లాసు జావ తాగుతూ నలుగురితో నాలుగు మాటలు మాట్లాడటం కోసమే వచ్చేవాళ్లు ఉన్నారు. అది తప్పేమీ కాదు. వాళ్లను రోజూ ఇంట్లోంచి బయటికి లాక్కొచ్చేది ఆ కబుర్లే.

4. తప్పిన రోజును పట్టించుకోకండి

అలవాటు 21 రోజుల్లో కుదురుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటను నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించింది. కొత్త పని అప్రయత్నంగా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టీ, పనిని బట్టీ అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. పెళ్లికి ఊరెళ్లి రెండు రోజులు తప్పితే మూడో రోజు మళ్లీ మొదలుపెట్టండి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, ఈ ఒక్క విషయంలో ఆ సామెతను పక్కన పెట్టవచ్చు.

5. నిద్రను మీ షిఫ్టును బట్టి కుదుర్చుకోండి

తెల్లవారుజామున నాలుగింటికి లేస్తేనే విజయం అని బోధించేవాళ్లు విశాఖను చూసినట్టు లేదు. ఉక్కు కర్మాగారం, పోర్టు, ఆసుపత్రులు రాత్రంతా పనిచేసే ఊరు ఇది. రాత్రి షిఫ్టు చేసి ఉదయం ఇల్లు చేరే మనిషిని పెందలాడే లెమ్మనడం హింస. పెద్దలకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. అది ఏ వేళ అన్నది మీ ఉద్యోగాన్ని బట్టి ఉంటుంది.

పగటి ఉద్యోగమైతే లేచిన గంటలోపు కాసేపు ఆరుబయట వెలుతురులో ఉండండి. శరీరంలోని గడియారాన్ని సరిచేసేది ఆ వెలుగే. జూన్‌లో ఐదున్నరకు ముందే సూర్యుడు సముద్రం మీదికి వచ్చేస్తాడు కాబట్టి మనకు వెలుతురుకు కరవు లేదు.

రాత్రి షిఫ్టువాళ్లు దీన్ని తిరగేయాలి. షిఫ్టు సగం దాటాక టీ, కాఫీ మానండి. కాఫీలోని కెఫీన్ ఐదారు గంటల తర్వాత కూడా సగం దాకా ఒంట్లోనే ఉంటుంది. కంపెనీ బస్సులో ఇంటికి వస్తుంటే నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. నిద్రమత్తులో బండి నడపడం మాత్రం వద్దు. పడకగదికి ముదురు రంగు మందపాటి తెర వేసి ఫోను శబ్దం ఆపేయండి. ఇక్కడ ఇంట్లోవాళ్ల సహకారం లేకపోతే ఏదీ సాగదు. ‘నాన్న పడుకున్నారు’ అన్న మాట పిల్లలకు, పనిమనిషికి, పార్శిల్ తెచ్చే కుర్రాడికి కూడా తెలియాలి. తలుపుకు ఒక చీటీ అంటించి బెల్లు స్విచ్చి తీసేస్తే సరిపోతుంది.

6. ఫోనుకు ఒక ఇల్లు చూపించండి

ఛార్జరును పడకగదిలోంచి తీసి వంటింటి గట్టు మీద పెట్టండి. లేవడానికి పాతకాలపు అలారం గడియారం కొనండి. ఈ రెండు పనులూ చేస్తే ఇంకో ఉపదేశం అక్కర్లేదు.

7. చదివేవాళ్లు పుస్తకం మూసి చదవండి

పోటీ పరీక్షల కోసం ద్వారకానగర్ చుట్టూ తిరిగే పిల్లల చేతుల్లో రంగురంగుల గీతలు గీసిన పుస్తకాలు కనిపిస్తాయి. గీతలు గీస్తే చదివినట్టు అనిపిస్తుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ 2006లో ప్రచురించిన పరిశోధనలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ జ్ఞాపకం ఉంది. కాబట్టి అరగంట చదివాక పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి. రాయలేకపోయిన చోటే మళ్లీ చదవాలి. మొదట్లో ఇది చిరాకు పుట్టిస్తుంది, ఎందుకంటే మనకు ఎంత రాదో కళ్లముందు కనిపిస్తుంది.

8. మనుషులకు వేళ కేటాయించండి

హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1938లో కొందరి జీవితాలను గమనించడం మొదలుపెట్టింది. ఆ అధ్యయనం ఇప్పటికీ సాగుతోంది. ఆత్మీయ సంబంధాలున్నవాళ్లే పెద్ద వయసులో ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నారని అందులో తేలింది. మనకు ఆ సంగతి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడే అర్థమై ఉండాలి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అప్పుడు పనికొచ్చింది గోడ పక్కనున్న మనిషే.

వారానికి ఒక ఫోను, ఒక పలకరింపు అని పెట్టుకోండి. ఆదివారం టిఫిన్ కాగానే ఊళ్లో ఉన్న పెద్దమ్మకో, పాత స్నేహితుడికో ఫోను చేయండి. సందేశం పంపడం దీనికి సాటి రాదు. పై అంతస్తులో ఉండే మాస్టారు లిఫ్టులో కనిపిస్తే ఫోను జేబులో పెట్టి, ‘మాస్టారూ, మోకాలు నొప్పి ఎలా ఉంది?’ అని అడగండి. జవాబు పొడవుగా వస్తుంది, వినండి.

9. వారానికోసారి మంచి రాయండి

రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలో 2003లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు పది వారాల పాటు వారానికోసారి తమకు జరిగిన మంచిని రాశారు, కొందరు చికాకులను రాశారు. మంచి రాసినవాళ్లకు తమ జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించింది. రాసేటప్పుడు ‘కుటుంబం, ఆరోగ్యం’ అని మొక్కుబడిగా రాయకండి. ‘వంజరం ముక్కలు కోసిచ్చిన ఆవిడ అడగకుండానే ముళ్లు తీసిచ్చింది’ అని రాయండి. ఎదుటివారి కొత్త ఫ్లాటును చూసి పుట్టే కుళ్లు దీనివల్ల పూర్తిగా పోదు, కాస్త తగ్గుతుంది.

10. డబ్బు మీ చేతికి రాకముందే పక్కకు వెళ్లాలి

జీతం పడిన మర్నాడే పొదుపు ఖాతాకు దానంతటదే మళ్లేలా బ్యాంకులో చెప్పండి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌ను నెలకు 100 రూపాయలతోనూ మొదలుపెట్టవచ్చు, గడువు 5 ఏళ్లు. నెలాఖరుకు మిగిలింది దాచుకుందామంటే మిగిలేది జగదాంబ జంక్షన్‌లో కొన్న బట్టల బిల్లే.

అలవాట్లతో తీరనివి

నడుస్తుండగా ఛాతీలో బరువుగా అనిపిస్తే నడక ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దిగులు, నిద్రలేమి, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డైరీలు, ధ్యానాలు అంటూ ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవండి. బయటికి వెళ్లి చెప్పుకోలేని స్థితిలో ఉంటే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. అది రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.