కువైట్‌లో ఉండి గువ్వలచెరువు ఘాట్‌కి రెడీ అయ్యేదెట్లా? (పాఠం 4)

పోయిన పాఠంలో సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం సెట్ చేసుకున్నాం, ఇంక అసలు పనిలోకి దిగుదాం. చందాలు పోగు చేసేదానికి సైకిళ్ల మీద పోయే మన చందా రైడ్‌లో మొదటి రోజు కర్నూలు నుంచి కడప, దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు, కానీ అదంతా హైవే, ఓపికుంటే సాగిపోతాది. రెండో రోజు రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది చూడండి, అసలు కథ ఆడ. కువైట్‌లో ఉండే మన పిల్లోళ్లు అందరూ అడిగేది ఒకటే, అన్నా ఈడ ఫ్లైఓవర్ తప్ప ఎత్తే లేదు, ఘాట్ ఎక్కేది యాడ నేర్చుకోవాల అని.

గాలి ఉంది కదప్పా! వాయవ్యం నుంచి కొట్టే షమాల్, ఎండాకాలంలో జాస్తి, అదే మీ కొండ. 75 కిలోల మనిషి 10 కిలోల సైకిల్ మీద 5 శాతం ఎత్తులో (అంటే 100 మీటర్లు పోతే 5 మీటర్లు పైకి లేచే దారిలో) గంటకు 10 కిలోమీటర్లు ఎక్కడానికి ఎంత కష్టపడాలో, చదును రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో 18 స్పీడ్‌తో పోవడానికీ ఇంచుమించు అంతే.

చేసేది ఇట్లా. ఒక పావుగంట తేలిగ్గా తొక్కి ఒళ్లు వేడెక్కినాక గాలికి ఎదురు తిరగండి, మామూలుగా తొక్కే దానికన్నా ఒకటి రెండు గేర్లు బరువు పెట్టి సీటు మీద నుంచి లేవకుండా 5 నిమిషాలు. కుడి మోకాలు 15 సెకన్లలో 14 సార్లు పైకి రావాల, 20 వచ్చిందంటే గేర్ తేలికైందన్నమాట. తర్వాత వెనక్కి తిరిగి గాలి తోస్తాంటే ఊరికే కాళ్లు ఆడిస్తా రండి. ఇట్లా 4 సార్లు, ఒక్కోటి ఒక సెట్ అనుకోండి, వారానికి ఒక రోజు చాలు. మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలైతే వెంటనే గేర్ తగ్గించండి, ఈ ఒక్క దాంట్లో మొండితనం వద్దు.

చేతులు హ్యాండిల్ పైభాగంలోనే ఉండాల, రొమ్ము నిటారుగా. వంగితే గాలి తప్పించుకోవచ్చు, నిజమే, కానీ అది మనల్ని మనం మోసం చేసుకోవడమే, ఎందుకంటే ఘాట్ మీద మోసేది బరువు, వంగితే బరువు తగ్గదు కదా.

దుమ్ము లేచిన రోజు మాత్రం బయటికి పోవద్దు. షమాల్ పగలు పెరిగి రాత్రికి తగ్గుతాది కాబట్టి తెల్లారినాక ఎండ ముదరక ముందు ఒక గంట దొరుకుతుంది, అదీ కుదరకపోతే ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్ బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండ్ మీద, ఇదే లెక్క. ఒక చిన్న చిట్కా, చివరి సెట్‌లో ఫ్యాన్ స్లోలో పెట్టండి. ఎత్తు ఎక్కేటప్పుడు స్పీడ్ తక్కువ, మొహానికి గాలి తగలదు, చెమట ఆరదు, ఆ ఉక్కకి రోంత అలవాటు పడాల.

గాలి నేర్పనిది దిగడం. దానికి రైడ్‌కి రెండు రోజులు ముందే కడపకి రండి, వేరే దారి లేదు. మలుపు రాకముందే బ్రేక్ కొట్టి స్పీడ్ తగ్గించుకోవాల, మలుపులో కాదు. బ్రేక్ పట్టుకునే ఉంటే రిమ్ కాలిపోయి ట్యూబ్ పేలుతుంది, పట్టి వదిలి పట్టి వదిలి దిగండి. ఇంకోటి, అందరూ మర్చిపోయేది. కువైట్‌లో కుడి పక్కన పోతారు, మనకి ఎడమ పక్క. ఆడ అద్దం ఎడమ హ్యాండిల్‌కి ఉంటుంది కదా, ఈడికి వచ్చినాక దాన్ని కుడికి మార్చాల, లేకపోతే వెనక వచ్చే లారీ బదులు ముళ్లకంపలు కనపడతాయి.

లారీల మధ్య స్పీడ్ చూపించాలని మాత్రం పోవద్దు, చందా ఇచ్చినోళ్లు చేరినారా లేదా అని అడుగుతారే గానీ ఎన్ని గంటల్లో అని ఎవరూ అడగరు. గువ్వలచెరువులో పేరుమోసిన పాలకోవా కూడా ఘాట్ ఎక్కడం అయినాకే, ముందు తింటే కడుపులో బరువు.

వచ్చే శుక్రవారం సెలవు రోజు మొదటిసారి చేసి, నాలుగు సెట్లలో ఏ గేర్, మోకాలు ఎన్నిసార్లు లేచింది, గాలి ఎటు నుంచి, ఈ మూడూ రాసిపెట్టుకోండి. నాలుగో సెట్ మొదటి దానికన్నా బాగా పడిపోయి ఉంటే మీరు మొదట్లోనే బరువు గేర్ వేసినట్టు, ఇంకో వారం అదే చేయండి. పాఠం 5లో తిండీ నీళ్లూ, ఆ లెక్కకి ఈ కాగితం కావాలి, పారేయొద్దు.