కీమో తర్వాత సీటీ రిపోర్టు అర్థం కాకపోతే

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి రెండు మూడు సైకిళ్ల కీమో అయ్యాక మళ్లీ సీటీ తీస్తారు. రిపోర్టు వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. రోజూ ఈ స్కాన్లు చదివే మా దగ్గరికి వచ్చే ప్రశ్నలు ఇవి.

గడ్డ 48 మిల్లీమీటర్ల నుంచి 40కి తగ్గింది, అయినా "స్టేబుల్" అన్నారు

కారణం: గడ్డలు తగ్గాయా పెరిగాయా అని తేల్చడానికి డాక్టర్లు ఎక్కువగా అనుసరించేది 2009లో వచ్చిన రెసిస్ట్ 1.1 పద్ధతి. అందులో ఒక్క గడ్డనే చూడరు. ఎక్కువలో ఎక్కువ ఐదింటిని, ఒక్కో అవయవంలో రెండుకి మించకుండా ఎంచుకుని కొలతలు కూడతారు. గడ్డకి పొడవైన వైపు, లింఫ్ గ్రంథికి పొట్టి వైపు కొలుస్తారు. కీమోకి ముందు గడ్డ 48, గ్రంథి 20, మొత్తం 68 అనుకోండి. ఇప్పుడు 40, 16 కలిపి 56. తగ్గింది 18 శాతమే. 30 శాతం తగ్గితేనే "పార్షియల్ రెస్పాన్స్", అంటే మందుకి గడ్డ కొంతమేర తగ్గినట్టు లెక్క.

ఏం చేయాలి: కూడిన మొత్తం ఎంతో అడగండి. స్టేబుల్ అంటే మందు పనిచేయలేదని కాదు, గడ్డ అదుపులో ఉందని.

మొదటికంటే చిన్నగానే ఉంది, కానీ పెరిగిందంటున్నారు

పెరుగుదలను మొదటి స్కాన్‌తో కాదు, ఇప్పటిదాకా వచ్చిన అతి తక్కువ మొత్తంతో పోలుస్తారు. 68 నుంచి 45కి దిగి, మళ్లీ 55 అయితే 22 శాతం పెరిగినట్టే. హద్దు 20 శాతం, అదీ కనీసం 5 మిల్లీమీటర్లు పెరగాలి. కొత్త గడ్డ కచ్చితంగా కనిపిస్తే ఈ లెక్కతో పని లేదు, అదీ పెరుగుదలే.

రెండు సెంటర్లలో రెండు కొలతలు

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. గడ్డ అంచు గీత గీసినట్టు ఉండదు, ముళ్లలాగా చుట్టూ పాకుతుంది. కర్సర్‌ని ముల్లు కొస మీద పెడితే ఒక అంకె, ముల్లు మొదలు దగ్గర పెడితే ఇంకోటి. విండో అంటే తెర మీద స్కాన్ వెలుగునీడల అమరిక. ఊపిరితిత్తుల విండోలో పెద్దగా కనిపించే గడ్డ, ఛాతీ మధ్యభాగం చూసే విండోలో చిన్నదవుతుంది. పక్కన గాలి పోయి ముడుచుకున్న ఊపిరితిత్తి ఉంటే గడ్డ ఎక్కడ ఆగిందో తేల్చడం మాకూ కష్టమే. అప్పుడు క్యాన్సర్ చురుగ్గా ఉన్న చోటుని చూపే పెట్ స్కాన్ సాయపడుతుంది.

ఏం చేయాలి: వీలైతే ప్రతిసారీ ఒకే సెంటర్‌లో, ఒకే పద్ధతిలో తీయించండి. స్లైస్, అంటే స్కాన్‌లో ఒక్కో పొర మందం, 5 మిల్లీమీటర్లు మించకూడదు. ఫిల్ములు ఒక్కటే కాదు, పాత సీడీ కూడా తప్పకుండా తీసుకెళ్లి, రెండు స్కాన్లనూ పక్కపక్కన పెట్టి ఒకే డాక్టర్‌తో కొలిపించండి. నా అనుభవంలో సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

మనిషి తేరుకున్నాడు, ఎముకల్లో మాత్రం కొత్త మచ్చలు

ముందు కనిపించకుండా ఎముకలో ఉన్న క్యాన్సర్ మచ్చ మానేటప్పుడు గట్టిపడి తెల్లగా బయటపడొచ్చు. కీమోతో పాటు ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పంపే మందు) కూడా ఇస్తుంటే, గడ్డ అరుదుగా ముందు పెరిగినట్టు కనిపించి తర్వాత తగ్గుతుంది. మనిషి నిలకడగా ఉంటే 4 నుంచి 8 వారాల్లో మళ్లీ స్కాన్ తీసి నిర్ధారించుకుంటారు. మందు మార్చాలా వద్దా అన్నది మీ ఆంకాలజిస్టుతో మాట్లాడాకే.

ఆయాసం ఎక్కువైనా, దగ్గులో రక్తం పడినా తర్వాతి స్కాన్ తేదీ కోసం ఆగకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.