తీరం వెంట బ్యాగ్ వేసుకుని నడవాలంటే ముందు పోటు టైమ్ చూసుకోండి

సముద్రం ఒడ్డునే రోజుల తరబడి నడవాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ బ్యాగ్ కొనాలి, ఏ బూట్లు కొనాలి అని. అవన్నీ తర్వాత. మీరు వెళ్లే తీరానికి ఆటుపోట్ల పట్టిక ఎక్కడ దొరుకుతుందో ముందు వెతకండి. కొండదారిలో అయితే తెల్లారాక మనకు వీలైనప్పుడు బయల్దేరవచ్చు. తీరం వెంట మాత్రం ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగాలి అన్నది చాలావరకు నీళ్లను బట్టే ఉంటుంది.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు వస్తాయి, రెంటికీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు పొద్దున 8 గంటలకు నీళ్లు పూర్తిగా తగ్గితే రేపు 8:50 ప్రాంతంలో తగ్గుతాయి, ఎల్లుండి ఇంకా ఆలస్యం, కాబట్టి రోజూ ఒకే టైమ్‌కి బయల్దేరదామనే ప్లాన్ ఇక్కడ పనిచేయదు. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకట్రెండు రోజులకు నీళ్లు బాగా పైకి వస్తాయి, అంతే బాగా వెనక్కీ పోతాయి. అష్టమి చుట్టుపక్కల ఆ తేడా తక్కువగా ఉంటుంది. తీరాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది: కెనడాలోని ఫండీ అఖాతంలో కొన్నిచోట్ల తేడా 16 మీటర్ల దాకా పోతే, మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల పెద్దగా తెలియదు. కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, పట్టికలో ఆ గంట కలిపారో లేదో కూడా చూడండి, ఒక్క గంట తేడాతో మొత్తం తలకిందులవుతుంది.

జనం దెబ్బతినేది ఎక్కడంటే, నీళ్లు ఒకే వేగంతో పెరుగుతాయనుకోవడం దగ్గర. ఆటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటల్లో మొదటి గంట సముద్రం కదిలినట్టే ఉండదు, సుమారుగా పన్నెండో వంతు వస్తుంది. నడిమి రెండు గంటల్లో మాత్రం సగం నీళ్లు వచ్చేస్తాయి. ఇంకా బోలెడు టైమ్ ఉందిలే అని ఫొటోలు తీసుకుంటూ కూర్చునేది సరిగ్గా ఆ మొదటి గంటలోనే. కాలిఫోర్నియాలోని లాస్ట్ కోస్ట్ ట్రయిల్‌లో ఒకపక్క నిలువు కొండ, ఇంకోపక్క అలలు, పోటు వస్తే మధ్యలో దారే మిగలని భాగాలు మైళ్ల కొద్దీ ఉన్నాయి. అలాంటి చోటికి నీళ్లు ఇంకా తగ్గుతుండగానే దిగాలి, పూర్తిగా తగ్గేదాకా ఆగితే మీ చేతిలో సగం టైమే మిగులుతుంది. ఎన్నింటికల్లా సగం దూరం దాటకపోతే వెనక్కి తిరగాలో ముందే కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే అక్కడికి వెళ్లాక ఎవరికీ వెనక్కి రాబుద్ధి కాదు.

నది కలిసే చోట్లదీ ఇదే కథ. న్యూజిలాండ్‌లోని ఏబెల్ టాస్మన్ దారిలో అవరోవా దగ్గర నీళ్లు పూర్తిగా తగ్గడానికి గంటన్నర ముందు నుంచి రెండు గంటల తర్వాత వరకే దాటనిస్తారు. ఇంగ్లండ్‌లో సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ అనే తీరపు కాలిబాట మీద ఎర్మ్ నదిని ఆటుకు గంట ముందు నుంచి గంట తర్వాత లోపే కాలినడకన దాటాలి. ఎక్కడైనా సరే, నీళ్లు జోరుగా సముద్రంలోకి లాగుతున్నప్పుడు దిగకండి, ఆ లాగుడు ఆగే దాకా కూర్చోండి. నది వెడల్పుగా, లోతు లేకుండా ఉన్నచోట దాటండి. నడుము బెల్టు, ఛాతీ పట్టీ ముందే విప్పేయండి, పడిపోతే బ్యాగ్ వదిలించుకోవడం ఒక్క క్షణంలో అయిపోవాలి.

ఇక దూరం లెక్క. మ్యాప్ మీద వేలు పెట్టి ఇంతే కదా అనుకునే దూరం వేరు, ప్రతి మలుపూ తిరిగి ప్రతి కొండకొమ్మూ ఎక్కి దిగే దూరం వేరు. పైన చెప్పిన సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ పొడవు 630 మైళ్లు, దానిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు 318 మీటర్లే, అయినా మొత్తం ఎక్కుళ్లన్నీ కలిపితే ఎవరెస్ట్‌కు దాదాపు నాలుగింతలు! పొడి ఇసుకలో అదే వేగంతో నడవాలంటే గట్టినేల మీదకన్నా రెట్టింపుకు పైగా శక్తి ఖర్చవుతుంది. అందుకే అల ఇప్పుడే వదిలి వెళ్లిన తడి ఇసుక మీద నడవండి, అడుగు దిగబడదు. ఒడ్డు బాగా వాలుగా ఉంటే మాత్రం గంటల తరబడి ఒక కాలు కిందికీ ఒక కాలు పైకీ పడి మోకాలు పట్టేస్తుంది, నీళ్లు బాగా తగ్గి కింది చదును బయటపడ్డాక నడిస్తే ఆ బాధ ఉండదు.

కాళ్ల విషయంలో నా మాట ఒక్కటే: సాక్స్‌లోకి ఇసుక పోయిందనిపిస్తే ఆ క్షణమే ఆగండి, ముందు ఊరు వచ్చాక చూద్దామంటే బొబ్బ వచ్చాక చూస్తారు. తడి పాదాన్ని రుద్దకండి, ఇసుక ఇంకా రాపిడి పెడుతుంది. రెండు నిమిషాలు ఎండనిస్తే వేళ్ల సందుల్లోంచి దానంతట అదే జలజలా రాలిపోతుంది, మిగిలింది గుడ్డతో దులిపితే చాలు. ఎండ సంగతి మీకు తెలిసిందే, కానీ నీళ్ల మీద నుంచి, ఇసుక మీద నుంచి కూడా తిరిగి కొడుతుంది కాబట్టి గడ్డం కిందా చెవుల వెనకా సన్‌స్క్రీన్ మర్చిపోకండి. గాలి చల్లగా తగులుతుంటే మాడిపోతున్నామని సాయంత్రం దాకా తెలియదు.

టెంట్ వేసేముందు అక్కడ రాత్రి ఉండనిస్తారో లేదో కనుక్కోండి, తర్వాత ఇసుక మీద ఎండిన నాచు, పుల్లలు, గవ్వలు వరసగా పడి ఉన్న గీత చూడండి. నిన్నమొన్నటి పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. దానికి బాగా పైన వేయండి, అమావాస్య, పౌర్ణమి దగ్గరపడుతుంటే ఇంకా పైన. రాళ్లు జారే కొండ కింద మాత్రం వద్దు. ఇసుకలో మామూలు మేకులు నిలబడవు. చిన్న సంచిలో ఇసుక నింపి, మూతి దగ్గర తాడు కట్టి, మూరెడు లోతు గుంటలో పాతిపెట్టి పైన తొక్కండి, ఎంత గాలి వచ్చినా చాలావరకు కదలదు.

తాగే నీళ్లకు ఒడ్డున కలిసే వాగుని నమ్ముకోవద్దు, పోటు వేళ ఉప్పునీళ్లు చాలా పైదాకా ఎక్కుతాయి. మామూలు ఫిల్టర్ ఉప్పును తీయదు, కాచినా పోదు, నోట్లో వేసుకుని రుచి చూసి ఇంకా పైకి వెళ్లి పట్టుకోవాల్సిందే.

బట్టలు సముద్రంలో జాడించి ఆరేయాలన్న ఆలోచన మానుకోండి. ఉప్పు గాల్లోని తేమను లాగుతూనే ఉంటుంది, రాత్రయ్యేసరికి మళ్లీ చెమ్మగిల్లుతాయి, ఒంటికి రాసుకుని దద్దుర్లు కూడా. మంచినీళ్లు దొరికిన చోట బట్టలకన్నా ముందు బ్యాగ్ జిప్పులు, టెంట్ జిప్పులు కడగండి. ఉప్పు, ఇసుక కలిసి పళ్లలో పట్టుకుంటే రెండు వారాల్లో జిప్పు బిగుసుకుపోతుంది, బలవంతంగా లాగితే ఊడి చేతికొస్తుంది. ఫోన్ ఛార్జింగ్ పోర్ట్‌లో తడి ఉంటే పూర్తిగా ఆరాకే కేబుల్ పెట్టండి.