కుక్కకు ఏ బొక్క వేయొచ్చు, ఏది వేయకూడదు

ఆదివారం మటనో చికెనో వండితే, కంచంలో మిగిలిన బొక్కలు నేరుగా కుక్క గిన్నెలోకి వెళ్తాయి. ఇంట్లో కుక్క లేకపోతే వీధి చివర కుక్కలకు వేస్తారు. ప్రేమతోనే వేస్తారు. కానీ కుక్కకు ఏ రకం బొక్క వేయకూడదో ఒక్కటే చెప్పమంటే, ఆ వండిన బొక్కనే చూపించాలి.

ఎముకకు గట్టిదనం ఇచ్చేది కాల్షియం, కాస్త వంగే గుణం ఇచ్చేది కొలాజెన్ అనే ప్రోటీన్. ఉడికించినా, వేయించినా, నిప్పుల మీద కాల్చినా కొలాజెన్ దెబ్బతిని ఎముక పెళుసుబారుతుంది. కుక్క కొరికినప్పుడు అది నలగదు, సూదుల్లాంటి పెచ్చులుగా చీలుతుంది. ఆ పెచ్చులు చిగుళ్ళలో, గొంతులో గుచ్చుకుంటాయి, ఒక్కోసారి పేగును చీలుస్తాయి. లోపల బోలుగా ఉండే కోడి ఎముకలతో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. కుక్కర్‌లో బాగా ఉడికిన మటన్ బొక్క పైకి మెత్తగా అనిపించినా నమ్మొద్దు, చివర మెత్తబడి నడుమ గట్టిగానే ఉంటుంది. దానికి అంటిన మసాలా మరో ముప్పు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి. లక్షణాలు కొన్ని రోజుల తర్వాతే బయటపడతాయి కాబట్టి కారణం ఎవరికీ తట్టదు. కడిగి వేసినా లాభం లేదు, కూర రసం బొక్కలోకి ఇంకిపోయి ఉంటుంది.

‘ఊరకుక్కలు రోజూ తింటున్నాయి కదా’ అంటారు. తింటాయి, చాలా వాటికి ఏమీ కాదు కూడా. పేగు తెగిన కుక్క మాత్రం ఏ గోడ వెనకో, ఏ తుప్పల్లోనో పడుకుని చనిపోతుంది, మన కంట పడదు. వీధికుక్కకైనా ఇంటి కుక్కకైనా పేగు ఒకటే. వీధికుక్కలకు ఏమైనా పెట్టాలనుకుంటే బొక్కలు ఏరేసి, కారం, ఉల్లి లేని మాంసం ముక్కలు అన్నంలో కలిపి పెట్టండి.

షాపులో ప్యాకెట్‌లో దొరికే కాల్చిన ఎముకలు, పొగబెట్టిన ఎముకలు కూడా వండినవే. వీటి మీద అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. అప్పటికి వాటి వల్ల కుక్కలు జబ్బుపడ్డాయని దానికి సుమారు 68 ఫిర్యాదులు అందాయి, సుమారు 15 కుక్కలు చనిపోయాయి. ప్యాకింగ్ బాగుందని మోసపోకండి.

కొనేముందు చేతిలో పట్టుకుని చూడాల్సినవి

మొదట గట్టిదనం. నమలడానికి ఇచ్చే దేన్నైనా బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. కొంచెమైనా గుంట పడాలి. పడకపోతే దాంతో మీ మోకాలి చిప్ప మీద మెల్లగా తట్టి చూడండి. నొప్పి పుడితే అది కుక్క పంటికీ ఎక్కువే. బలంగా నమిలే కుక్కకు మొదట పోయేది పైదవడలోని పెద్ద పన్ను, నాలుగో ప్రీమోలార్. దాని పక్క నుంచి ఒక పలక ఊడి, లోపలి నరం బయటపడుతుంది. అప్పుడు ఆ పన్ను పీకించాలి, లేదా రూట్ కెనాల్ చేయించాలి. ఎంత నొప్పి ఉన్నా కుక్క ఒకవైపే నములుతూ ఊరుకుంటుంది కాబట్టి మీకు తెలిసేసరికి నెలలు గడుస్తాయి. గేదె తొడ ఎముక నడిమి భాగం, జింక కొమ్ము, గిట్టలు, ఇటీవల బాగా అమ్ముడవుతున్న హిమాలయ ఛుర్పీ (గట్టిపడేలా ఆరబెట్టిన చీజ్) ముక్కలు, ఇవన్నీ చాలా మటుకు ఈ పరీక్షలో తప్పుతాయి.

తర్వాత పరిమాణం. కుక్క నోట్లో పూర్తిగా పట్టే ముక్క ఏదీ ఇవ్వొద్దు. పొడవు మూతి కన్నా ఎక్కువ ఉండాలి. నమిలి నమిలి బొటనవేలంత మిగిలాక తీసేసుకోవాలి, ఎందుకంటే చివరి ముక్కనే గబుక్కున మింగుతాయి. ఉంగరంలా అడ్డంగా కోసిన నల్లి బొక్కలు వద్దు, అవి కింది దవడలో కోరల వెనక్కి జారి ఇరుక్కుంటాయి. మత్తు ఇచ్చి కోసి తీయాల్సి వస్తుంది.

పచ్చి బొక్క సంగతి

పచ్చి ఎముక వండినదంత సులువుగా చీలదు, నిజమే. అయితే దాని మీద సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు, ఫ్రీజర్‌లో పెట్టినా అది చావదు. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు ఉంటే పచ్చి బొక్క జోలికి వెళ్ళకపోవడమే మేలు. అయినా ఇస్తానంటే పద్ధతి ఇది. మాంసం షాపులో కీలు ఉన్న చివరి భాగం అడగండి, అక్కడ మృదులాస్థి, స్పాంజిలాంటి ఎముక ఉంటాయి. అదే రోజు కోసిందై ఉండాలి. కడగడానికి సులువైన నేల మీద 15 నుంచి 20 నిమిషాలు మీ కళ్ళ ముందే నమలనివ్వండి. తర్వాత తీసి పారేయండి. ఎండాకాలంలో దాచి మళ్ళీ ఇవ్వొద్దు. చేతులు, గిన్నె, నేల సబ్బుతో కడగండి. లోపలి మూలుగ ఎక్కువగా తింటే విరేచనాలు, కొన్ని కుక్కల్లో ప్యాంక్రియాస్ వాపు వస్తాయి. అందుకే లావుగా ఉన్నవాటికి, ఇంతకుముందు ఆ జబ్బు వచ్చినవాటికి అసలు వద్దు. మలం సుద్దముక్కలా తెల్లగా, పొడిగా వస్తుంటే ఎముక ఎక్కువైనట్టే. పాలపళ్ళు ఊడని కూనలకు, అంటే దాదాపు ఏడు నెలల లోపు వాటికి, ఇంకా మెత్తటివే ఇవ్వాలి.

షాపులో ముడి వేసి అమ్మే తెల్లటి చర్మపు బొక్కలు నిజానికి పశువుల తోలు పొరలు. నమిలితే జిగటగా ఊడి, పెద్ద ముక్కగా మింగితే కడుపులో ఉబ్బి అడ్డుపడతాయి. నిదానంగా నమిలే కుక్క అయితే సరే, మింగేసే కుక్కకు ఇవ్వొద్దు. పళ్ళ కోసమే కొంటున్నట్టయితే వీఓహెచ్‌సీ (పెంపుడు జంతువుల దంత ఆరోగ్య మండలి) ముద్ర ఉందేమో చూడండి, గార తగ్గిస్తుందని పరీక్షలో తేలినవాటికే ఆ ముద్ర ఇస్తారు.

ఇంట్లోనే చేసుకోదగ్గవి

చిలగడదుంపను సెంటీమీటరు మందంగా నిలువు చెక్కలుగా కోసి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర దాదాపు మూడు గంటలు, మధ్యలో ఒకసారి తిప్పుతూ ఆరబెట్టండి. వంగాలి గానీ విరగకూడదు. కోస్తాలో గాలి చెమ్మగా ఉన్న రోజుల్లో ఎండకు పెడితే బూజు పడుతుంది. మధ్యలో బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలో రెండు చెంచాల మెత్తటి అన్నం, చెంచా ఉప్పులేని పెరుగు, తురిమిన క్యారెట్ కూరి నాలుగు గంటలు ఫ్రీజర్‌లో ఉంచితే, మే నెల మధ్యాహ్నం కుక్క చాలాసేపు దాన్నే నాకుతూ కూర్చుంటుంది. పల్లీ బటర్ వాడితే డబ్బా మీద జైలిటాల్ అనే చక్కెర బదులు వాడే తీపి పదార్థం ఉందేమో చదవండి, కొద్దిపాటి మోతాదే కుక్కకు విషం. ఇలాంటివన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు మించకూడదు. 10 కిలోల కుక్కకు రోజుకు ఇంచుమించు 600 కేలరీలు అనుకుంటే, చిరుతిండికి 60 మాత్రమే.

మొక్కజొన్న బెండు, మామిడి టెంక చూడటానికి నమిలే వస్తువుల్లాగే ఉంటాయి. రెండూ పేగులో ఇరుక్కునేవే. సీజన్‌లో చెత్తడబ్బాకు మూత పెట్టండి.

కుక్క ఏదైనా పట్టుకుంటే నోట్లోంచి లాక్కోవద్దు, కరుస్తుంది, లేదా గబుక్కున మింగేస్తుంది. అంతకన్నా రుచైనది చూపించి మార్చుకోండి.

వండిన బొక్క ఇప్పటికే మింగేసిందా? వాంతి చేయించొద్దు. లోపలికి దిగిన పెచ్చు పైకి వస్తూ గొంతు చీలుస్తుంది. ఎప్పుడు, ఏది, ఎంత తిందో రాసుకుని వెటర్నరీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. తర్వాతి మూడు రోజులు మలం చూడండి. పదేపదే వాంతి, తిండి మానడం, చొంగ, కడుపు ముట్టుకోనివ్వకపోవడం, మలంలో రక్తం, ముక్కుతూ ఏమీ రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. ఊపిరాడక కొట్టుకుంటుంటే నోరు తెరిచి చూడండి. ఇరుక్కున్న ముక్క కనిపిస్తే వేళ్ళతో లాగండి, కనిపించకపోతే వేళ్ళు లోపలికి పెట్టొద్దు. చిన్న కుక్కను వెనక కాళ్ళు పట్టి తల కిందికి వంచండి. పెద్దదైతే వెనక నుంచి చేతులు చుట్టి, పక్కటెముకల కింద పిడికిలితో లోపలికి, పైకి గట్టిగా నాలుగైదుసార్లు నొక్కండి. అది బయటపడినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, గొంతులో గాయమైందేమో చూడాలి.