బియ్యం కాదు, వడ్లే కొనండి

కార్తీకం వెళ్లేసరికి తెనాలి, బాపట్ల వైపు వరికోతలు జోరందుకుంటాయి. గుంటూరులోనో విజయవాడలోనో ఉంటూ, తెలిసిన చిన్న రైతు దగ్గర ఏడాదికి సరిపడా కొనుక్కుందామనుకుంటే, బియ్యం కాకుండా వడ్లే అడగండి. కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది, ఆర్నెల్లయినా మాగితే గానీ అన్నం పొడిపొడిగా రాదు. (సంక్రాంతి పొంగలికి మాత్రం కొత్త బియ్యమే రుచి, అది వేరే సంగతి.) వడ్లయితే ఇంట్లోనే మాగుతాయి, పైన పొట్టు ఉంటుంది కాబట్టి పురుగు బెడదా తక్కువే.

బేరానికి ముందు తేమ చూడండి. మెషిన్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. నాలుగు గింజలు కొరికి చూస్తే టక్కున విరగాలి. మెత్తగా నలిగాయంటే ఇంకా ఆరబెట్టమని చెప్పండి. లేదంటే తూకంలో నీళ్లకు కూడా డబ్బులిచ్చినట్టే, పైగా బస్తాలో వేడెక్కి గింజ రంగు మారుతుంది.

మన వైపు వడ్ల బస్తా అంటే 75 కిలోలు. ఆడిస్తే 45 నుంచి 50 కిలోల దాకా బియ్యం వస్తాయి. అన్నీ ఒకేసారి ఆడించకండి, రెండు మూడు నెలలకు సరిపడా చాలు. మరీ తెల్లగా పాలిష్ పట్టొద్దని మిల్లులో ముందే చెప్పండి.